మోచేతి కింది ఎడమ చెయ్యి

జీపులో ఒక విద్యార్థినికి మాత్రమే చోటుంది. ముందు డ్రైవరు పక్కన లెక్కల మేడమ్, వెనక ఒకవైపు బల్ల నిండా ప్రదర్శన సామాను, రెండోవైపు నేను, నా పక్కన ఒక పిల్ల. అరకు లోయలోని మా బాలికల ఆశ్రమ పాఠశాల నుంచి విశాఖపట్నంలో జరిగే రెండు రోజుల విజ్ఞాన ప్రదర్శనకు వెళ్లవలసిన బృందం అంతే. తొంభయ్యో దశకం చివర ఒక డిసెంబరు నెల అది. ఆ పిల్ల ఎవరో తేల్చే పని భౌతికశాస్త్రం చెప్పే నా మీద పడింది.

మా ప్రదర్శన వస్తువు ఒక ఆట. అంతకు ముందు వేసవిలో విశాఖపట్నంలో ఒక బొమ్మల దుకాణంలో కొన్నాను. వేలెడు పొడవున, నునుపుగా చిత్రిక పట్టిన యాభై నాలుగు చెక్క ముక్కలు. వరుసకు మూడు చొప్పున, ఒక వరుస నిలువుగా, దాని మీది వరుస అడ్డంగా పేర్చుకుంటూ పోతే పద్దెనిమిది వరుసల దొంతర లేస్తుంది. ఆడేవాళ్లు వంతుల వారీగా కింది వరుసల్లోంచి ఒక్కొక్క చెక్క లాగి పైన పెట్టాలి. ఎవరి వంతులో దొంతర కూలితే వాళ్లు ఓడినట్టు. మా పిల్లలు దానికి చెక్కలాట అని పేరు పెట్టుకున్నారు. వానాకాలమంతా, బయట అడుగు పెట్టే వీలులేని ఆదివారాల్లో వాళ్లు ఆడింది అదే. నేను దాన్ని, వస్తువు బరువంతా ఏ బిందువు మీద నిలుస్తుందో చెప్పే గరిమనాభి పాఠంగా మార్చాను. న్యాయనిర్ణేతల ఎదుట ఒక పిల్ల చెక్కలు లాగుతూ, ఏది తీస్తే దొంతర ఎటు ఒరుగుతుందో, ఎందుకు ఒరుగుతుందో చెప్పాలి. చెప్పడం ఎవరికైనా నేర్పవచ్చు. చెయ్యి నిలకడగా ఉంచడం నేర్పడానికి వ్యవధి లేదు. అందుకని, ఆటలో చివరకు గెలిచిన పిల్లనే తీసుకువెళ్తానని ప్రకటించాను.

ఆ ప్రకటన చేసేనాటికే నాకొక సంగతి తెలుసు. పదో తరగతి పిల్ల ఒకతె తల్లి దసరాకు ముందు కట్టెల మోపుతో కొండ దిగుతూ జారిపడింది. నడుము ఎముక విరిగి, అప్పటినుంచి విశాఖపట్నంలో పెద్దాసుపత్రిలో వెల్లకిలా పడుకుని ఉంది. తండ్రి ఒకసారి బడికి వచ్చి ఆ మాట చెప్పి వెళ్లాడు. కాఫీ పళ్లు కోసే రోజులు, ఇంట్లో ఇద్దరు చిన్న పిల్లలు. ఆయన మళ్లీ పట్నం వెళ్లలేకపోయాడు. తల్లిదండ్రులు వస్తే తప్ప పిల్లను బడి దాటించకూడదన్నది మా నిబంధన. మూడు నెలలుగా ఆ పిల్ల తల్లిని చూడలేదు. ఈ జీపు తప్పితే చూసే దారీ లేదు. ఇవన్నీ ఆ పిల్ల నాతో చెప్పలేదు. వంటామె చెప్పింది.

"ఆ గుంటని తీసుకెల్లండమ్మా," అంది వంటామె ఒక ఉదయం, నేను టీ గ్లాసు అందుకుంటుండగా. "ఆల్లమ్మ ఆ ఊర్లోనే ఉంది గదా."

"ఎవరి చెయ్యి నిలకడగా ఉంటే వాళ్లే వస్తారు."

"సెయ్యి సంగతి కాదమ్మా నాను సెప్తన్నది. తల్లి సంగతి."

"ఒకరికి తల్లి ఆసుపత్రిలో ఉందని ఇస్తే, ఇంకొకరికి తండ్రి లేడని ఇవ్వాలి. ఎక్కడ ఆపను?"

"ఆపడానికేటుంది. సీటు ఒకటే. ఇచ్చేత్తే అదే ఆగిపోద్ది."

ఎవరేం చెప్పినా సరిచూసుకుంటే తప్ప ఒప్పుకోకపోవడం నాకు చదువుతో వచ్చిన అలవాటు. ఇదే వంటామె, వానకు ఉబ్బి బిగుసుకున్న చెక్కలను పొయ్యి పక్కన పెడితే బేగి ఊడి వస్తాయని అన్నప్పుడు, నేను నాలుగు చెక్కలను ప్రయోగశాల త్రాసులో ముందూ వెనకా తూచి చూశాను. ఆమె చెప్పింది నిజమే; ఆరిన చెక్క తేలికైంది, లాగితే జారి వచ్చింది. కానీ తల్లి సంగతి తూచడానికి నా దగ్గర త్రాసు లేదు. ఆట ఉంది. ఆటలో నా ఇష్టాయిష్టాలకు తావు లేదని నమ్మాను. దయతో ఇచ్చానని ఎవరూ అనకూడదు, దయలేక ఇవ్వలేదనీ అనకూడదు.

తొలి ఆటలు భోజనాల హాలు నేల మీద జరిగాయి. పిల్లలు గుండ్రంగా కూర్చుని ఆడారు, నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. మూడు రోజుల్లో ఇద్దరు మిగిలారు. ఒకతె ఆ పదో తరగతి పిల్ల. రెండోది తొమ్మిదో తరగతిది; పాచిపెంట పక్కనుంచి వచ్చి మా బడిలో చేరింది. నోరు ఊరుకోని పిల్ల. సముద్రం చూడాలన్నది దాని కోరిక. ఆ సంగతి బడిలో తెలియనివాళ్లు లేరు.

చివరి ఆట శనివారం ఉదయం ప్రయోగశాలలో పెట్టాను. భోజనాల హాలు నేల ఎగుడుదిగుడుగా ఉందని, ప్రయోగశాల బల్ల సమంగా ఉందని నా కారణం. బల్ల సమంగా ఉన్నదీ లేనిదీ ద్రవమట్టంతో చూసి, ఒక కాలు కింద అట్టముక్క కూడా పెట్టాను. ఆ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, దొంతర బాగా కనబడేలా బల్లకు మూడో వైపున నా కుర్చీ వేసుకున్నాను. మిగతా పిల్లలు గోడల వెంట నిలబడ్డారు. కిటికీల బయట మంచు ఇంకా విడలేదు. లోపల కూడా ఊపిరి కనబడుతోంది.

"ఒక్క చేత్తోనే ఆడాలి. తాకిన చెక్కనే లాగాలి," అని నేను మళ్లీ గుర్తుచేశాను. ఎండాకాలం దుకాణంలో చదివిన నియమాలను జూన్‌లో పిల్లలకు నోటితో చెప్పాను. వాళ్లు వాటినే పాటిస్తున్నారు.

మొదటి పది వంతులు త్వరగా గడిచాయి. తొమ్మిదో తరగతి పిల్ల చెక్కను చిటికెన వేలితో మెల్లగా నెట్టి, అవతల పక్కనుంచి చటుక్కున లాగేది. లాగుతూ మాట్లాడేది.

"అక్కా, ఆ నడిమిది తియ్యకు. అది తీత్తే నువ్వు హాస్టల్లోనే ఉంటావు."

"నీ వంతు కాదు గదా, ఊరుకో," అంది పదో తరగతి పిల్ల, కళ్లు తిప్పకుండానే.

"నీ మంచికే సెప్పినాను."

"నా మంచి నాను సూసుకుంతాను."

గోడ పక్కన ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. దొంతర ఇరవై రెండు వరుసలకు చేరింది. కింది వరుసల్లో కొన్నిచోట్ల నడిమి చెక్క ఒక్కటే మిగిలి, పైనున్న బరువంతా దాని మీద నిలిచింది. పదో తరగతి పిల్ల వంతు వచ్చింది. ఆమె కుడి చెయ్యి చాచింది. చాచేముందు ఎడమ అరచేతిని కుడి మోచేతి కింద ఆనించింది. చెక్క జారి వచ్చింది. అలాగే, మోచెయ్యి పట్టుకునే, దాన్ని పైన పెట్టింది. దొంతర కదల్లేదు.

"మేడమ్," అంది తొమ్మిదో తరగతి పిల్ల. ఈసారి గొంతులో ఆట లేదు. "రెండో సెయ్యి."

"ముట్టుకోలేదు," అంది పదో తరగతి పిల్ల.

"సెక్కని ముట్టుకోలేదు. సేతిని పట్టుకున్నావు. ఊతం ఏసుకున్నావు. నిన్నటిదాకా ఇలగ ఆడలేదు మేడమ్, ఇయాలే సేత్తంది. మొదట్నుంచీ సూత్తన్నాను, ఊరుకున్నాను."

అది నిజమే. తొలి ఆటల్లో ఆ పిల్ల ఎడమ చెయ్యి ఒళ్లోనే ఉండేది, నేనే చూశాను. గెలుపు దగ్గరపడిన ఈ చివరి ఆటలోనే కొత్తగా ఒక ఊతం వచ్చింది. చాచిన చేతికి కింద ఆధారం ఇస్తే వణుకు తగ్గుతుందని నేనే పాఠంలో చెబుతాను. సాక్ష్యం నా కళ్ల ముందే ఉంది. కారణమూ నాకు తెలుసు. నేను ఆలోచించడానికి పట్టిన సమయం అరనిమిషం కూడా ఉండదు.

"చెయ్యి తీసెయ్. ఇకనుంచి ఒక్క చెయ్యే," అన్నాను.

ఆ పిల్ల నావైపు చూసింది. ఎడమ చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది.

ఇంకా ఒక్కొక్క వంతు నడిచింది. ఆమె వంతు మళ్లీ వచ్చినప్పుడు కుడి చెయ్యి సగం దూరం వెళ్లి ఆగింది. వెనక్కి తీసుకుని, వేళ్లు ఊదుకుని, మళ్లీ చాచింది. కింది నుంచి ఆరో వరుసలో అంచు చెక్క. అది బయటికి వచ్చింది. దాన్ని ఎత్తి పైకి తీసుకువెళ్తుండగా, నావైపు పెట్టవలసిన చోటికి చేరేసరికి, మణికట్టు ఒక్కసారి అదిరింది. చెక్క కొస పై వరుసకు తగిలింది. దొంతర కూలిన చప్పుడు ఆ గదికి చాలా ఎక్కువనిపించింది.

తొమ్మిదో తరగతి పిల్లను స్నేహితులు బయటికి లాక్కుపోయారు. పదో తరగతి పిల్ల నేలమీద పడ్డ చెక్కలన్నీ ఏరి, ఒకటి బల్ల కింద దూరంగా దొర్లిపోతే వంగి తెచ్చి, అన్నీ పెట్టెలో సర్ది, మూత పెట్టి, పెట్టెను నాకు ఇచ్చి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం వంటామె నా గదికి అన్నం తెచ్చింది. పళ్లెం బల్ల మీద పెట్టి, వెళ్లకుండా నిలబడింది.

"ఊతం ఏసుకుందని తీసీమన్నారంట."

"వేసుకుంది. నేను చూశాను."

"ఊతం కాదమ్మా అది. ఆల్ల ఊర్లో పెద్దోల్ల ముందర ఏదైనా ఇచ్చినా, తీసినా, పెట్టినా అలగే సేత్తారు. ఒంటి సేత్తో ఇత్తే ఇసిరినట్టు. మీరు ఎదురుగ్గా కూకున్నారు గదా. మీ ముందర పెడతంది గదా."

"నిన్నటిదాకా చెయ్యలేదు కదా?"

"నిన్న మీరు గుమ్మంకాడ ఉన్నారు. పిల్లల మద్దిన దానికి మరియాదేటి."

ఆ పిల్ల మూడేళ్లుగా నాకు నోటు పుస్తకాలు ఇస్తోంది, హాజరు పట్టీ తెచ్చి ఇస్తోంది. ఎలా ఇస్తుందో గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. ఆ ఉదయమే చెక్కల పెట్టె ఇచ్చింది. ఎలా ఇచ్చింది? పెట్టె గుర్తుంది. చేతులు గుర్తులేవు. ఆట నేల మీదనుంచి బల్ల మీదకు మారిందని ద్రవమట్టం పెట్టి చూసుకున్నాను. నేను గుమ్మం దగ్గరనుంచి బల్ల దగ్గరకు మారానన్నది లెక్కలోకి తీసుకోలేదు.

అప్పుడు పెట్టె అడుగున మడిచి ఉన్న నియమాల కాగితం తీసి చదివాను. ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉంది. దొంతరను ఒకసారికి ఒక్క చేత్తోనే తాకాలి అని ఉంది. రెండో చెయ్యి ఎక్కడ ఉండాలో లేదు. అంతేకాదు, తాకిన చెక్క బిగుతుగా ఉంటే వదిలేసి మరొకటి చూసుకోవచ్చు అని కూడా ఉంది. ఆరు నెలలుగా పిల్లలు ఆడింది కాగితంలోని ఆట కాదు, నా జ్ఞాపకంలోని ఆట.

నియమం సంగతి తేలింది. ఊతం వల్ల వణుకు నిజంగా తగ్గుతుందా అన్నది తేలలేదు. శృతిదండం కంపనాలు గీయించడానికి మసి పట్టించిన అద్దం పలకలు ప్రయోగశాలలో ఉన్నాయి. వేలికి సన్నని సూది కట్టుకుని, చెయ్యి చాచి, లెక్కల మేడమ్‌ను పలక నెమ్మదిగా లాగమన్నాను. మోచేతికి ఊతం లేకుండా ఒక గీత, ఊతంతో ఒక గీత. తర్వాత ఆమె చేత్తో, ఆ తర్వాత వంటామె చేత్తో. నా గీతల్లో వంకర కాస్త తగ్గింది. లెక్కల మేడమ్ గీతల్లో తేడా ఏమీ లేదు. వంటామెకు ఊతం ఉన్నప్పుడే ఎక్కువ వంకర వచ్చింది. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. మూడు చేతులతో ఏ నిర్ణయానికీ రాలేము. పరీక్షించవలసిన చెయ్యి నాలుగోది. దాన్ని అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.

ఆదివారం ఉదయం ఇద్దరినీ ప్రయోగశాలకు పిలిచాను. జీపు సోమవారం తెల్లవారగానే బయలుదేరాలి. కాగితం ఇద్దరి ముందూ పెట్టి, ఆ వాక్యం చదివి, తెలుగులో చెప్పాను. నిన్న నేను చెప్పిన తీర్పు తప్పని చెప్పాను. గదిలో మేం ముగ్గురమే.

"అయితే నాను గెల్చినట్టా, గెల్వనట్టా?" అని తొమ్మిదో తరగతి పిల్ల అడిగింది.

"ఆ ఆట చెల్లదు."

"సెక్కలు పడ్డాయి గదా మేడమ్."

"పడ్డాయి."

"నాను పడగొట్టలేదు గదా."

"లేదు."

"తప్పు మీది. సీటు పోతున్నది నాది."

ఆ పిల్ల చెప్పిన మూడు మాటలూ నిజం. సరిచూసుకోవలసిన అవసరం కూడా లేనంత నిజం.

"నాను మళ్లీ ఆడను మేడమ్," అంది పదో తరగతి పిల్ల. కిటికీ వైపు చూస్తూ అంది. "అది గెల్చింది. అదే ఎల్లనీ."

తన తల్లి మాట ఆమె అప్పుడు కూడా ఎత్తలేదు. నేను ఎత్తుదామా అనుకున్నాను. ఎత్తితే, మొదటినుంచీ ఆట ఎందుకు పెట్టానో కూడా చెప్పవలసి వస్తుంది. తొమ్మిదో తరగతి పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆడక్కా. మళ్లీ ఓడించే ఎల్తాను. నువ్వు ఒగ్గేత్తే ఎల్లినాననుకో, ఊరంతా నన్నే అంటారు, తల్లిని సూడనియ్యలేదని. ఓడించి ఎల్లినాననుకో, ఎవలూ ఏటీ అనరు. మేడమ్ కూడా అనడానికుండదు."

పదో తరగతి పిల్ల ఎదురుగా కూర్చుంది.

"నేను ఎక్కడ కూర్చోను?" అని ఆమెను అడిగాను.

"నిన్న కూకున్నకాడే కూకోండి మేడమ్."

చెక్కల పెట్టెను వంటామె ఎప్పుడు తీసుకుపోయిందో, పొయ్యి పక్కనుంచి తెచ్చి ఇచ్చింది. వెచ్చగా ఉంది. ఒకవైపు చెక్కలు ఎక్కువ ఆరి, మరోవైపువి తక్కువ ఆరి ఉంటాయని నాకు తెలుసు. ఏవి ఎక్కడ పడ్డాయో ఎవరికీ తెలియదు కాబట్టి అది ఇద్దరికీ సమానమేనని లెక్క వేసుకుని, దొంతర పేర్చాను. ఈసారి గోడల వెంట పిల్లలు లేరు. గుమ్మంలో వంటామె ఒక్కతే, కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

ఆట మొదలైంది. పదో తరగతి పిల్ల మొదటి చెక్కకే ఎడమ చేతిని మోచేతి కింద ఆనించింది. తొమ్మిదో తరగతి పిల్ల అది చూసి, తన వంతు ఆడింది. ఈసారి ఆడుతూ కబుర్లు చెప్పడం మానేసింది. మాటలు లేకపోవడంతో చెక్క మీద చెక్క రాసుకునే సన్నని చప్పుడు కూడా వినబడింది. పద్దెనిమిది వరుసలు ఇరవై అయ్యాయి, ఇరవై మూడు అయ్యాయి. నిన్నటి ఎత్తు దాటిపోయింది. ఎక్కువ ఆరిన చెక్కలు ముట్టుకుంటే చాలు జారి వస్తున్నాయి. అవన్నీ అయిపోయి బిగుసుకున్నవే మిగిలాయి. దొంతర నావైపు కొద్దిగా ఒరిగి ఉంది. పై వరుస అంచునుంచి కింది వరుస అంచుదాకా కంటితో గీత గీసి చూస్తే, ఒరుగు పెరుగుతోందో లేక నా భ్రమో తేలలేదు. బల్ల మీద ఆనిన నా చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

పదో తరగతి పిల్ల ఒక చెక్కను తాకి, పది లెక్కపెట్టేంత సేపు దాని మీద వేలు ఉంచింది. లాగింది. దొంతర ఊగింది. ఊగి, నిలబడింది. ఆమె చెక్కను పైన పెట్టి, చేతిని దూరంగా తీసుకున్నాకే ఊపిరి వదిలింది.

తొమ్మిదో తరగతి పిల్ల వంతు. కింది నుంచి నాలుగో వరుసలో నడిమి చెక్కను చిటికెన వేలితో నెట్టింది. అది కదల్లేదు. మళ్లీ నెట్టింది. దొంతర మొత్తం కదిలింది, చెక్క మాత్రం కదల్లేదు. వేలు అలాగే ఉంచి నావైపు చూసింది.

"ఇది ఒగ్గేయొచ్చా మేడమ్? కాగితంలో ఉందన్నారు."

"ఒగ్గేయొచ్చు."

జూన్ నుంచీ నేను చెప్పిన నియమం ప్రకారమైతే వదలకూడదు. కాగితం ప్రకారం వదలవచ్చు. ఆమె వదిలి, రెండు వరుసల పైన అంచు చెక్కను పట్టుకుంది. అది తేలిగ్గా వచ్చింది. మరీ తేలిగ్గా వచ్చింది. పైనున్నదంతా ఒక్క క్షణం ఏమీ జరగనట్టు నిలిచి, తర్వాత నా ఒళ్లోకి వచ్చిపడింది.

ఆ పిల్ల చేతిలో ఉన్న చెక్కను బల్ల మీద పెట్టింది.

"ముందుదే లాగీసుంటే బాగున్ను," అంది. తర్వాత నావైపు తిరిగి, "నిన్న గెల్చింది నానే మేడమ్," అంది.

"అవును," అన్నాను.

పదో తరగతి పిల్ల లేచి దాని భుజం మీద చెయ్యి వేయబోయింది. అది భుజం తప్పించుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"సముద్రం సూసొచ్చి సెప్పు. ఉప్పగుంటదని మాత్రం సెప్పకు. అది పుస్తకంలో ఉంది."

ఆ తర్వాత ఆ పిల్ల బడిలో ఉన్నన్నాళ్లూ నేను దగ్గరుంటే చెక్కలాట ఆడలేదు. నాతో మర్యాదగానే ఉండేది. అడిగినదానికి జవాబు చెప్పేది.

సోమవారం ఘాట్‌రోడ్డు మీద మంచు వల్ల జీపు మెల్లగా దిగింది. మేం ప్రదర్శన జరిగే బడికి చేరి, పేర్లు రాయించి, బల్ల సర్దుకునేసరికి సాయంత్రమైపోయింది. పెద్దాసుపత్రిలో రోగులను చూడనిచ్చేది నాలుగు నుంచి ఆరు వరకు. ఆ రోజుకు ఆ సమయం దాటిపోయింది. బస ఇచ్చిన గది కిటికీలోంచి చూస్తూ, ఆసుపత్రి ఏ వైపున ఉంటుందని పిల్ల అడిగింది.

రెండో రోజు మధ్యాహ్నానికల్లా న్యాయనిర్ణేతలు మా వరుసకు వస్తారన్నారు. రెండయింది, మూడయింది. వాళ్లు ఇంకా అవతలి గదిలోనే ఉన్నారు. ఆరున్నరకు జీపు తిరుగుప్రయాణం కావాలి. మూడున్నరకు నేను లెక్కల మేడమ్‌ను పక్కకు పిలిచాను.

"నువ్వు దీన్ని తీసుకుని ఆసుపత్రికి వెళ్లు."

"వాళ్లు వస్తే?"

"నేనున్నాను కదా."

"మేడమ్, సెక్కలు ఎవలు తీత్తారు?" అంది పిల్ల.

"నేను తీస్తాను. వెళ్లు."

వాళ్లు వెళ్లిన గంటకు న్యాయనిర్ణేతలు ముగ్గురు వచ్చి మా బల్ల ముందు నిలబడ్డారు. మీ విద్యార్థిని ఏదని అడిగారు. తల్లిని చూడటానికి ఆసుపత్రికి వెళ్లిందని చెప్పాను. వాళ్లలో పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, "మరి ఇది పిల్లల ప్రదర్శన కదమ్మా," అన్నాడు. అవునన్నాను. అయినా వచ్చారు కాబట్టి చూపమన్నారు. గరిమనాభి గురించి బాగానే చెప్పాను. మూడో చెక్క లాగేటప్పుడు దొంతర కూలిపోయింది. పెద్దాయన కాగితం మీద ఏదో రాసుకుని పక్క బల్ల దగ్గరకు వెళ్లాడు. మాకు బహుమతి రాలేదు. ఎలా వస్తుంది?

సామాను జీపులో వేయించుకుని ఆసుపత్రి ముందుకు చేరేసరికి ఆరు దాటి పది నిమిషాలైంది. గేటు మూసి ఉంది. లోపలినుంచి వచ్చేవాళ్లు చిన్న తలుపులోంచి ఒక్కొక్కరే బయటపడుతున్నారు. వాళ్లలో మావాళ్లు లేరు. జనం పలచబడ్డారు. మావాళ్లు రాలేదు. అడిగిన చోటల్లా వాళ్లకు ఏ సమాధానం దొరికి ఉంటుందోనని నేను ఊహించకూడనివన్నీ ఊహించాను. మూడు నెలలుగా ఎవరూ వచ్చి చూడని మనిషి. ఉత్తరం రాసే మనిషీ కాదు. ఆమె ఇక్కడే ఉందని, అసలు బతికే ఉందని, నేనెవరినీ అడిగి తెలుసుకోకుండానే పిల్లను పంపాను.

చివరకు ఇద్దరూ వచ్చారు. లెక్కల మేడమ్ ముఖం చూడగానే సగం భయం తీరింది.

"వార్డు మార్చారట. వెతికి పట్టుకునేసరికి అయిదున్నర దాటింది," అంది ఆమె.

పిల్ల జీపు ఎక్కింది. చేతిలో విరిగిన పళ్ల దువ్వెన ఒకటి ఉంది.

"అమ్మ ఎలా ఉంది?" అని అడిగాను.

"బాగుంది మేడమ్. కూకోకూడదంట, పడుకునే ఉంది. గుర్తుపట్టింది."

"ఏమంది?"

"నన్నేటీ అడగలేదు. తల దువ్వమన్నాది. మూన్నెల్లుగా ఎవలూ దువ్వలేదంట. అంతా సిక్కులు కట్టేసింది. తల ఎత్తకూడదు గదా, ఒక పక్కన తీసినాను." దువ్వెన వైపు చూసుకుంది. "రెండో పక్కకి తిప్పుదామంటే బెల్లు కొట్టేసినారు."

డ్రైవరు ఇంజను తాళం మీద చెయ్యి వేశాడు. ఘాట్‌రోడ్డు మీద మంచు దిగకముందే వెళ్లాలని తొందర. ఒక్క నిమిషం ఆగమని నేను దిగి, పిల్లను కూడా దిగమన్నాను. గేటు దగ్గరి కాపలా మనిషి స్టూలు మీద కూర్చుని బీడీ ముట్టించుకుంటున్నాడు.

"ఈ పిల్లను ఒకసారి లోపలికి వెళ్లనివ్వండి," అన్నాను.

"టైమైపోనాదమ్మా. రేపు నాలుగింటికి రండి."

"రేపు రాలేం. కొండమీదికి వెళ్లిపోతున్నాం."

"అందరూ ఏదో ఒకటి సెప్తారమ్మా. రూలు రూలే గదా."

"అవును," అన్నాను. "అయినా వెళ్లనివ్వండి."

ఆయన నాకేసి చూసి, ఇంకేదో కారణం వస్తుందని ఎదురుచూశాడు. నా దగ్గర కారణం ఇంకేదీ లేదు. నేను అక్కడినుంచి కదలలేదు కూడా. ఆయన బీడీ ఆర్పి చెవి వెనక పెట్టుకుని, పిల్ల చేతిలోని దువ్వెనను చూసి, చిన్న తలుపు గడియ తీశాడు.

"బేగి వచ్చీయాల," అన్నాడు.

పిల్ల లోపలికి పరుగెత్తింది. వెనక జీపులోంచి డ్రైవరు, ఎంతసేపు పడుతుందని కేకేసి అడిగాడు. తెలియదని చెప్పి, కాపలా మనిషి పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను.